హోముల్లో ఉండే పెద్దవాళ్లతో రంగుల పని: మొదటి పన్నెండు వారాలు

మేధో వైకల్యం (బుద్ధి ఎదుగుదల తక్కువగా ఉండటం) ఉన్న పెద్దవాళ్లను చూసుకునే హోమ్‌లో ఒక రోజు ఎలా గడుస్తుందో గమనించండి. ఎప్పుడు లేవాలో, ఏ చొక్కా తొడుక్కోవాలో, ఇడ్లీ తినాలో ఉప్మా తినాలో, టీవీలో ఏం చూడాలో అన్నీ వేరేవాళ్లే నిర్ణయిస్తారు. నలభై మందికి ఒకే వంటింట్లో వండిపెట్టే చోట అంతకంటే కుదరదు కూడా. అందుకే వారానికి ఒక గంట కాగితం ముందు కూర్చున్నప్పుడు ఏ రంగు, ఎక్కడ, ఎంత, ఎప్పుడు ఆపాలి అన్నవి ఆ మనిషి ఇష్టానికే వదలాలి. కింద చెప్పే సామాను, కొలతలు, జాగ్రత్తలు అన్నీ ఆ గంటను కాపాడటానికే.

ముందు పేర్ల సంగతి. ఇంటర్నెట్‌లో ఆర్ట్ థెరపీ (బొమ్మలు వేయించడం ద్వారా చేసే మానసిక చికిత్స) గురించి వెతికితే వచ్చే బ్రిటిష్ పుస్తకాల్లో ‘లెర్నింగ్ డిజెబిలిటీ’ అని ఉంటుంది. అక్కడ ఆ మాటకు అర్థం మేధో వైకల్యం. మన దగ్గర అదే మాటను డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులకు వాడతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చదువు ఇబ్బందులను మేధో వైకల్యం శీర్షిక కిందే చేర్చినా, వాటికి విడిగా నిర్వచనం ఇస్తుంది. హోమ్ రికార్డులు చూసేటప్పుడు ఈ తేడా మనసులో పెట్టుకోండి.

‘థెరపిస్ట్’ అనే మాట కూడా ఆలోచించి వాడాలి. బ్రిటన్‌లో రిజిస్టర్ అయినవాళ్లు తప్ప ఇంకెవరూ ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకోకూడదు. మన దేశంలో ఆ పేరు వాడటం మీద అంత గట్టి అదుపు కనిపించదు. క్లినికల్ సైకాలజిస్టులు, స్పెషల్ ఎడ్యుకేటర్లు మాత్రం 1992 చట్టం కింద ఏర్పడ్డ రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో నమోదవుతారు. మీకు ఆర్ట్ థెరపీలో శిక్షణ లేకపోతే దీన్ని ‘రంగుల గంట’ అనండి చాలు. నెలకోసారి ఒక క్లినికల్ సైకాలజిస్టుతో కూర్చుని మీ నోట్సు చూపించే ఏర్పాటు చేసుకోండి. శిక్షణ లేనివాళ్లు చేసినా ఈ పనికి విలువ ఉంది. అయితే బొమ్మ చూసి మనసు చదివే ప్రయత్నం మాత్రం వద్దు. నల్లరంగు వాడాడు కాబట్టి బాధలో ఉన్నాడనుకోవద్దు. చూపు మందగించినవాళ్లకు తెల్లకాగితం మీద బాగా కనిపించేది నలుపే. కొన్నిసార్లు చేతికి దగ్గరగా ఉన్నది నలుపు, అంతే.

పిలుపు

చాలా హోముల్లో నలభై అయిదేళ్ల మనిషిని కూడా ‘బాబూ’ అంటారు, అందరినీ కలిపి ‘మా పిల్లలు’ అంటారు. ప్రేమతోనే అంటారు, కానీ ఆ పిలుపు వెంట పిల్లల సామానూ వచ్చేస్తుంది: యాపిల్ బొమ్మకు రంగు వేయించడం, మిక్కీ మౌస్ స్టెన్సిల్, స్టార్ స్టిక్కర్. రంగుల గంటలో అందరినీ ‘మీరు’ అనండి. వయసును బట్టి అన్నా, అక్కా, ‘గారు’ పెట్టండి. ఆయాలకు ఇది మొదటి రోజే చెప్పాలి. రెండు వారాలు ఎబ్బెట్టుగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. రంగు నింపే పుస్తకాలు అసలు తేవద్దు. గీత దాటకుండా నింపడంలో నిర్ణయించుకోవడానికి ఏమీ మిగలదు.

గది, వేళ, మనుషులు

అయిదారుగురికి మించి వద్దు. మీరు కాక ఇంకొకరు తప్పక ఉండాలి. ఒకరికి ఫిట్స్ వచ్చినా, బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చినా మిగతా అయిదుగురి దగ్గర రంగులతో పాటు ఒక మనిషి ఉండాలి కదా. అదే రోజు, అదే వేళ, అదే గది, ఎవరి చోటు వాళ్లకే. చోటు మారితే రంగుల మీద పడాల్సిన ధ్యాస అంతా ఆ మార్పు మీదకే పోతుంది.

వేళ గురించి నర్సును అడిగి నిర్ణయించండి. టిఫిన్ తర్వాత వేసే మాత్రలతో కొందరు గంటసేపు మగతగా ఉంటారు. పది నుంచి పదకొండు మామూలుగా అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం తొమ్మిదికే మొదలుపెట్టి పదింటికల్లా ముగించాలి. విజయవాడ ఎండ తెలిసిందే. కొన్ని మానసిక రోగ మందులు వాడేవాళ్లు వేడిని మనకన్నా తక్కువగా తట్టుకుంటారు. ప్రతి ఒక్కరి దగ్గరా మంచినీళ్ల గ్లాసు పెట్టండి, అది రంగునీళ్ల గ్లాసులా కనిపించకూడదు: తాగేది స్టీలు, కుంచె కడిగేది ప్లాస్టిక్. ఈ ఒక్క నియమం తప్పితే రంగునీళ్లు తాగడం ఖాయం.

చేతులు వణుకుతుంటే అది వైకల్యంలో భాగమేనని తేల్చేయొద్దు. ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్‌కు, కొన్ని మానసిక రోగ మందులకు వణుకు తెలిసిన దుష్ప్రభావం. కొత్తగా మొదలైతే నర్సుకు చెప్పండి.

బల్ల ఎత్తు మోచేతికి సరిపోవాలి, పాదాలు నేలకు ఆనాలి. కాళ్లు వేలాడుతుంటే చేయి నిలకడగా ఉండదు. నేలమీద కూర్చునే అలవాటున్న వాళ్లను కుర్చీ ఎక్కించొద్దు. చాప వేసి ముందు ఒక పీట పెడితే బల్లకన్నా బాగా పనిచేస్తారు. టీవీ కట్టేయించండి. ఫ్యాను ఆపలేం కాబట్టి కాగితం నాలుగు మూలలా మాస్కింగ్ టేపుతో బల్లకు అంటించాలి. టేపు వేయకపోతే కాగితం జారుతుంది, జారిన కాగితాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో గీయడం సెరిబ్రల్ పాల్సీ (కండరాల మీద అదుపు తగ్గే వైకల్యం) ఉన్నవాళ్లకు కుదరదు. రంగుల పళ్లెం కింద తడిగుడ్డ మడతపెట్టి వేస్తే కదలదు.

సామాను

ఆరుగురు, పన్నెండు వారాలు, మనిషికి గంటలో మూడు కాగితాల చొప్పున 216 అవుతాయి. 22×28 అంగుళాల మందమైన డ్రాయింగ్ షీట్లు 65 కొని ఒక్కోటి నాలుగు ముక్కలు చేస్తే 260 వస్తాయి. ముక్క 11×14 అంగుళాలు ఉంటుంది. కాగితం మందం తెలిపే జీఎస్ఎం 200కు తగ్గొద్దు. మామూలు చార్టు మీద తడి కుంచె నాలుగుసార్లు రుద్దితే చిరుగుతుంది. అలా చిరిగితే ఆ మనిషి తానేదో తప్పు చేశానని చేయి వెనక్కి తీసుకుంటాడు. బలంగా అదిమేవాళ్లకు కాగితం బదులు అట్టపెట్టెల ముక్కలు ఇవ్వండి, కిరాణా కొట్టులో ఊరికే ఇస్తారు. పిన్నులు పీకేసి చూసుకోండి.

ఆయిల్ పాస్టల్స్ 25 రంగుల పెట్టెలు రెండు. కానీ పెట్టె మొత్తం ఎవరి ముందూ పెట్టొద్దు. మొదట మూడు రంగులు, తర్వాత ఆరు. ఎక్కువ పెడితే చాలామంది ఏదీ తీసుకోరు, లేదా వరసగా అన్నీ తీసి మళ్లీ సర్దుతూ కూర్చుంటారు. మేలో అవి మెత్తబడి పిండి అయిపోతాయి, చల్లగా ఉన్న చోట స్టీలు డబ్బాలో ఉంచండి. పట్టు సరిగా లేనివాళ్లకు సైకిల్ హ్యాండిల్ గ్రిప్పులో గుడ్డ కుక్కి పాస్టల్ గుచ్చితే గుప్పిట నిండా పట్టుకోవచ్చు. కుంచెలకూ ఇదే ఉపాయం.

పోస్టర్ కలర్ ఎరుపు, పసుపు, నీలం, నలుపు అర లీటరు చొప్పున, తెలుపు లీటరు. దాన్ని నీళ్లతో పలచన చేస్తే కారిపోతుంది. అర లీటరు నీళ్లలో నాలుగు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ ఉండల్లేకుండా కలిపి, సన్నని సెగ మీద చిక్కబడి మెరుపు వచ్చేదాకా తిప్పి, పూర్తిగా చల్లార్చండి. రెండు పాళ్లు ఈ జావ, ఒక పాలు రంగు. కుంచెకు అంటుకుని నిలుస్తుంది, కాగితం మీద మచ్చలా కూర్చుంటుంది, ఖర్చూ మూడో వంతే. ఏ రోజుకారోజు చేసుకోవాలి. మన ఉక్కకు సాయంత్రానికే పులుస్తుంది.

రంగులు పోయడానికి చిల్లులు లేని స్టీలు ఇడ్లీ రేకులకు మించినవి లేవు. బరువుగా ఉంటాయి, తిరగబడవు, గుంటలు విడివిడిగా ఉంటాయి, కడిగితే పోతుంది. ఒక్కో గుంటలో రెండు చెంచాలు చాలు. పాతవి విడిగా కొని, అడుగున ఎర్ర ఎనామిల్ పెయింటుతో పెద్ద గుర్తు వేసి, రంగుల పెట్టెలోనే తాళం వేసి ఉంచండి. మళ్లీ వంటింట్లోకి పోకూడదు.

జిగురు గురించి ఒక హెచ్చరిక. మైదా జిగురు చవక, మంచిది: ఒక కప్పు మైదా, నాలుగు కప్పుల నీళ్లు, ఉడికించడమే. కానీ గోడల మీద పోస్టర్లు అంటించేవాళ్లు అందులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం. హోములో ఏది పడితే అది నోట్లో పెట్టుకునే అలవాటున్నవాళ్లు ఒక్కరైనా ఉంటారు. మైలుతుత్తం, ముగ్గు రంగుల పొడులు, పారాణి కోసం పసుపులో కలిపే సున్నం, థర్మోకోల్ పూసలు, గుండుసూదులు, ఇవేవీ గది గడప దాటి లోపలికి రాకూడదు. పసుపును ఎర్రగా మార్చి చూపాలనుకుంటే సున్నం బదులు చిటికెడు వంటసోడా కలిపినా ఎరుపు తిరుగుతుంది.

మొదటి నాలుగు వారాలు

మొదటి రోజు రంగునీళ్లు, మట్టి వద్దు. మూడు పాస్టల్స్, ఒక కాగితం, అంతే. ‘ఏదైనా గీయండి’ అనొద్దు. ‘ఏదైనా’ అన్న మాటకు ఎదురుగా కనిపించే రూపం లేదు, అది అర్థం కాక మన ముఖం చూస్తారు. మీరు మీ కాగితం మీద ఒక గీత లాగండి, పాస్టల్ కింద పెట్టండి, ఊరుకోండి. కొందరు వెంటనే మొదలుపెడతారు. కొందరు మూడు వారాలు చూస్తూనే ఉంటారు. చూడటమూ రావడమే. హాజరు వేసుకోండి.

రెండు, మూడు వారాలూ పాస్టల్సే. నాలుగో వారం రెండు రంగులతో కుంచె. పసుపు–ఎరుపు, లేదా పసుపు–నీలం. మూడు మూలరంగులూ ఒకేసారి ఇస్తే పది నిమిషాల్లో అంతా బురద రంగవుతుంది, ఎందుకంటే మూడూ కలిస్తే అయ్యేది అదే. మూడో రంగు మొదటివి ఆరాక ఇవ్వండి. అయితే ఎవరైనా ఆ బురద కలపడంలోనే ఆనందిస్తుంటే ఆపొద్దు, కలపనివ్వండి.

గంట ఇలా సాగుతుంది: అయిదు నిమిషాలు వచ్చి కూర్చోవడం, ఆప్రాన్ బదులు పాత చొక్కా వెనక్కి తిప్పి తొడుక్కోవడం. ముప్పై అయిదు నిమిషాలు పని. పది నిమిషాలు అందరివీ బల్లమీద పరిచి చూడటం. పది నిమిషాలు సర్దడం, కుంచెలు కడగడం. కడగడం ఆయాలకు వదిలేయొద్దు. రంగు వదిలి నీళ్లలో తేలిపోవడం చూడటమే కొందరికి గంటలో ఇష్టమైన భాగం. ముగియడానికి పది నిమిషాల ముందు ప్రతిసారీ ఒకే గుర్తు ఇవ్వండి, చిన్న గంట వాయించినా చాలు.

మాట, చేయి

ఈ పనిలో అన్నిటికన్నా కష్టం సామాను కాదు, మన నోరు, మన చేయి.

రెండు రంగులు చూపించి ఎంచుకోమనేటప్పుడు మూరెడు దూరంలో పట్టుకోండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. పదికి ముందే మళ్లీ అడిగితే వాళ్లు మొదటి నుంచి ఆలోచించుకోవాలి. ‘పసుపా, నీలమా?’ అంటే ‘నీలమా’ అన్నారనుకోండి, వెంటనే నమ్మకండి. చాలామంది చివర విన్న మాటను తిరిగి అంటారు. వరస మార్చి ‘నీలమా, పసుపా?’ అని అడగండి. ఇప్పుడు ‘పసుపా’ అంటే అది ఎంపిక కాదు, ప్రతిధ్వని. అలాంటివాళ్లను మాటతో అడగొద్దు, వస్తువులు ముందుంచి చేయి ఎటు కదులుతుందో చూడండి. ఎప్పుడూ కుడివైపుదే తీసుకుంటే రంగుల చోట్లు మార్చి చూడండి. ‘ఎరుపు కావాలా?’ లాంటి అవును–కాదు ప్రశ్నలు అసలు వద్దు. ఏళ్ల తరబడి హోముల్లో ఉన్నవాళ్లకు అన్నిటికీ ‘ఊఁ’ అనడం అలవాటైపోయి ఉంటుంది.

చేయి పట్టి గీయించొద్దు. సాయం కావాలంటే మోచేయి కింద మీ అరచేయి ఆనించండి, లేదా మణికట్టు బరువు మోయండి. వేళ్లు, దిశ వాళ్లవే. ఆ తేడా పాటించకపోతే కాగితం మీద ఉన్నది మీ బొమ్మే.

‘సూపర్!’, ‘చాలా బాగుంది!’ కూడా తగ్గించండి. ఏది వేసినా సూపరే అయితే వాళ్లు మీ ముఖం కోసం వేస్తారు. ‘ఏంటిది?’ అనీ అడగొద్దు. అది ఏదో ఒకటై తీరాలన్న ఒత్తిడి అందులో ఉంది. కనిపించింది చెప్పండి: ‘నీలం అంచు దాకా వచ్చింది’, ‘ఇక్కడ చాలాసార్లు రుద్దారు’. లేదా పక్కన కూర్చుని మాట్లాడకుండా చూడండి.

ఆయాలు ఆగలేక బొమ్మకు ముక్కు, కళ్లు పెట్టేస్తుంటారు. అక్కా, వద్దు అంటే చిన్నబుచ్చుకుంటారు. వాళ్లకూ ఒక కాగితం, ఒక ఇడ్లీ రేకు ఇచ్చేయండి. చేతికి పని దొరికితే పక్కవాళ్ల బొమ్మలోకి రాదు. కొన్ని వారాలకు వాళ్లే మీకు మంచి సహాయకులవుతారు.

అచ్చులు

అయిదో వారం నుంచి అచ్చు వేయడం మొదలుపెట్టండి. కుంచె పట్టలేనివాళ్లు కూడా భుజం బలంతో అదమగలరు, అదిమి తీస్తే కాగితం మీద ఆకారం తేలుతుంది. చేసిన పనికి ఫలితం అప్పటికప్పుడు కనిపించడం ఇక్కడ చాలా పెద్ద విషయం. మన ప్రాంతానికి అచ్చు కొత్త కాదు. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకం చెక్క అచ్చులతోనే సాగుతుంది. అరిగిపోయిన పాత అచ్చులు దొరికితే తెచ్చుకోండి. పట్టుకోవడానికి పిడి ఉంటుంది, బరువుగా ఉంటుంది, పెద్దవాళ్ల పని అని చూడగానే తెలుస్తుంది.

మెత్త ఇలా చేయాలి: వెడల్పాటి ట్రేలో తడిపిన గోనెగుడ్డ రెండు మడతలు, దాని మీద పాత కంబళి ముక్క, పైన పలుచని నూలుగుడ్డ. రంగు ఆ నూలుగుడ్డ మీద చెంచాతో పులమండి. స్పాంజి ఒక్కటే వేస్తే రంగంతా లోపలికి పీల్చుకుని, అదిమినప్పుడు ఒక్కసారిగా కక్కి అచ్చు గీతల మధ్య నిండిపోతుంది. కాగితం కింద కూడా నాలుగు మడతల దుప్పటి ఉండాలి. గట్టి బల్లమీద అచ్చు అంచులే పడతాయి, మధ్య పడదు.

అచ్చులు దొరక్కపోతే అరటి ఆకు మట్ట చాలు. గుంటూరు జిల్లాలో దానికి కొదవ లేదు. అడ్డంగా కోస్తే నెలవంక ఆకారం, లోపల గదులు గదులుగా గాలి అరలు. కోసిన వెంటనే వాడొద్దు. కడిగి, గుడ్డ మీద బోర్లించి అరగంట ఉంచాలి. అరటి బంక బట్టకు అంటితే పోని మరక అవుతుంది, రంగునూ పట్టనివ్వదు. బెండకాయ పువ్వులా పడుతుంది, దానికీ జిగురు అద్దేయాలి. ఒక మాట: నోట్లో పెట్టుకునేవాళ్లున్న గుంపులో కూరగాయలతో అచ్చులు వద్దు. పొద్దున రంగు పూసిన బెండకాయ, మధ్యాహ్నం కంచంలో బెండకాయ వేపుడు, తేడా చెప్పడం కష్టం.

ముగ్గు మాటా ఇక్కడే. పల్లెల్లో పెరిగిన ఆడవాళ్లు కొందరికి మాటలు తక్కువైనా చుక్కలు పెట్టే చేయి గుర్తుంటుంది. సంక్రాంతికి ఎవరూ అడగరు కాబట్టి బయటపడదు. నల్ల చార్టు మీద తడి బియ్యప్పిండి, వేలితో. గీత తెల్లగా తేలుతుంది, చూపు తక్కువ ఉన్నవాళ్లకూ కనిపిస్తుంది.

గుడ్డ, దారం

బొమ్మ వేయని మనిషి గుడ్డ చుట్టొచ్చు. అమెరికాలో జుడిత్ స్కాట్ అనే ఆవిడ 1943లో డౌన్ సిండ్రోమ్‌తో (మేధో వైకల్యం కలిగించే జన్యు స్థితి) పుట్టింది. చెవులు వినిపించవు, ఆ సంగతి ఏళ్ల తరబడి ఎవరూ గుర్తించలేదు. ముప్పై అయిదేళ్లు సంస్థల్లోనే గడిపింది. 1987లో ఓక్లండ్‌లోని క్రియేటివ్ గ్రోత్ అనే కళాకేంద్రంలో చేర్చాక కూడా దాదాపు రెండేళ్లు ఏ పనీ ఆమెను పట్టలేదు. తర్వాత దారాల పని తగిలింది. 2005లో చనిపోయేదాకా వస్తువుల చుట్టూ దారాలు, గుడ్డలు చుట్టి చుట్టి చేసిన శిల్పాలు ఇవాళ పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి. మన గుంపులోంచి ఇంకో జుడిత్ స్కాట్ వస్తుందని కాదు ఇది చెప్పడం. ఆరు వారాలు ఖాళీ కాగితం ముందు కూర్చున్న మనిషి పేరు జాబితాలోంచి కొట్టేసే ముందు సామాను మార్చి చూడాలని.

దర్జీల దగ్గర మిగిలే కత్తిరింపులు, పాత నూలు చీరలు, మంగళగిరి నేత ముక్కలు తెచ్చి నాలుగు సెంటీమీటర్ల వెడల్పున పేలికలుగా చింపండి. పొడవు అరవై సెంటీమీటర్లు దాటొద్దు. పొడుగు దారం మెడకు చుట్టుకునే ప్రమాదం, ఈ కొలత విషయంలో మొహమాటం వద్దు. మూరెడు కర్ర, వంకర కొమ్మ, అట్ట గొట్టం, ఏదైనా మధ్యలో ఉండనివ్వండి. పేలిక కొస ముడి వేయడానికి మాత్రం సాయం చేయండి. పాలిస్టర్ జారిపోతుంది, నూలే మంచిది.

బంకమట్టి వినాయక చవితి ముందు సులువుగా దొరుకుతుంది. రాళ్లు ఏరి, పిసికి, తడిగుడ్డలో చుట్టి పాలిథిన్ సంచిలో ఉంచితే నెలలు నిలుస్తుంది. మనిషికి కొబ్బరికాయంత ముద్ద ఇవ్వండి. నిమ్మకాయంత ఇస్తే వేళ్లతో గిల్లడం తప్ప ఏమీ చేయలేరు. తడి తగలడమే ఇష్టంలేనివాళ్లు ఉంటారు, వాళ్లకు చెంచా, పుల్ల ఇవ్వండి, బలవంతంగా చేయి పెట్టించొద్దు. మట్టి తినేవాళ్లుంటే గోధుమపిండి ముద్ద వాడొచ్చు, కానీ ఇంటర్నెట్‌లో కనిపించే ఉప్పు పిండి వద్దు. రెండు కప్పుల పిండికి కప్పు ఉప్పు వేస్తారు, అది పిడికెడు మింగితే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. ఏది పడితే అది తినే అలవాటు కొత్తగా మొదలైతే ఇనుము లోపం ఉందేమో డాక్టరు చూడాలి.

దెబ్బతినేచోట్లు

ఒకే గుండ్రం నెలల తరబడి వేస్తున్నారు. ఏం కొంప మునగలేదు. రూపం మార్చమనొద్దు, కాగితం కొలత మార్చండి. అదే గుండ్రం పూర్తి షీటు మీద వేయడానికి చేయి మొత్తం తిప్పాలి, చిన్న ముక్క మీద వేళ్లతో వేయాలి. మార్పు దానంతటదే వస్తుంది, రాకపోయినా సరే.

పూర్తయిందనుకున్న బొమ్మ మీద నలుపు పులిమేస్తున్నారు. మన కడుపు తరుక్కుపోతుంది. లాక్కోవద్దు. పక్కన ఇంకో ఖాళీ కాగితం ఎప్పుడూ సిద్ధంగా ఉంచండి. చాలాసార్లు కాగితం అయిపోయింది గానీ చేతికి ఆగాలని లేదు, అంతే.

మధ్యలో లేచి వెళ్లిపోతున్నారు. వెళ్లనివ్వండి. వాళ్ల చోటు తలుపు దగ్గరకు మార్చండి. బయటికి దారి ఉందని తెలిస్తే ఎక్కువసేపు కూర్చుంటారు. ఎన్ని నిమిషాలు ఉన్నారో రాసుకోండి, నాలుగు నిమిషాలు పదకొండు కావడం పెద్ద మార్పు.

నీళ్లు విసిరేస్తున్నారు. గ్లాసులో రెండు వేళ్ల ఎత్తు నీళ్లే పోయండి. ఎప్పుడు విసురుతున్నారో చూడండి. కుక్కర్ కూతకా, పక్కమనిషి దగ్గరికి జరిగినప్పుడా?

గొడవ చేశారని రంగుల గంటకు రానివ్వకపోవడం అన్నది హోమ్‌లో శిక్షగా మారనివ్వొద్దు. వార్డెన్‌తో ముందే ఒప్పందం చేసుకోండి. అలాగే సెలవులు. దసరా పది రోజులు ఇంద్రకీలాద్రి చుట్టూ ట్రాఫిక్ మళ్లిస్తారు, మీరు చేరుకోలేకపోవచ్చు. రద్దయ్యే వారం ముందే తెలిస్తే గోడకు బొమ్మల క్యాలెండర్ పెట్టి ఆ గడిలో కుంచె బొమ్మను వాళ్లచేతే కొట్టేయించండి. చెప్పకుండా మానేస్తే తర్వాతి రెండు వారాలూ ఆ కోపంలోనే పోతాయి.

దాతల సంగతి కాస్త కష్టం. పుట్టినరోజులకు, వర్ధంతులకు భోజనం పెట్టించేవాళ్లు వస్తే బొమ్మలు తెచ్చి చూపించమంటారు, గ్రీటింగ్ కార్డులు చేయించమంటారు. కార్డుల పని చెడ్డది కాదు, కానీ అది వేరే గంట, వేరే గది, వీలైతే వచ్చిన డబ్బు చేసినవాళ్లకే. రంగుల గంటలో వేసినవి వేసినవాళ్లవి. గోడకు పెట్టాలన్నా, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాలన్నా వాళ్లను అడగాలి. 2016 చట్టం మేధో వైకల్యం ఉన్నవాళ్లకూ అందరితో సమానంగా చట్టపరమైన హోదా ఉందని చెబుతుంది. సంరక్షకుడు ఉన్నంత మాత్రాన అడగక్కర్లేదని కాదు.

ఫిట్స్ వస్తే: కత్తెర, గ్లాసులు పక్కకు జరపండి, తల కింద మడతపెట్టిన గుడ్డ పెట్టండి, గడియారం చూడండి. కుదుపులు తగ్గగానే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. చేతిలో తాళాలు, ఇనుము పెట్టడం వల్ల ఉపయోగం లేదు, ఆ వెతుకులాటలో సమయం పోతుంది. అయిదు నిమిషాలు దాటితే, లేదా తెలివి రాకముందే మళ్లీ వస్తే 108.

రాసుకోవడం, దాచడం

ప్రతి కాగితం వెనక పెన్సిల్‌తో పేరు, తేదీ, పైవైపు ఏదో బాణం గుర్తు. పైవైపు ఏదో వేసినవాళ్లనే అడగండి. నోట్సులో చూసింది మాత్రమే: ఎంతసేపు ఉన్నారు, అడగకుండా తామే ఎంచుకున్నవి ఎన్ని, ఏ సామాను, ఏ మాటలు అన్నారు. ‘సంతోషంగా ఉన్నాడు’ అని కాదు, ‘రెండుసార్లు నవ్వాడు, కాగితం నాకు చూపించాడు’ అని.

ఈ తేదీలు ఇంకో రకంగా అక్కరకొస్తాయి. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్లలో నలభై దాటాక అల్జైమర్స్ (మతిమరుపు జబ్బు) త్వరగా వచ్చే అవకాశం ఎక్కువ. థైరాయిడ్ తగ్గడం, కంటి శుక్లాలూ ఎక్కువే. ఆర్నెల్ల కిందటి గీతలకూ ఇప్పటివాటికీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఫోల్డర్ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ముందు కళ్లు, థైరాయిడ్ పరీక్షలు చేయించమని అడగండి. మతిమరుపు అనుకున్నది కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది.

ఎవరైనా గీస్తూ తనను ఎవరో కొట్టారనో, తాకారనో చెబితే గుచ్చి గుచ్చి అడగొద్దు. విన్న మాటలు విన్నట్టే, తేదీ, వేళతో రాయండి. ఆ రోజే హోమ్ బాధ్యులకు చెప్పండి. బాధ్యుల మీదే అనుమానమైతే 2016 చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కు సమాచారం ఇవ్వొచ్చు. మన దగ్గర తహసీల్దారు, ఆర్డీఓలకు ఆ అధికారం ఉంటుంది.

ఒక్కొక్కరికీ రెండు పెద్ద అట్టలు కలిపి కుట్టిన ఫోల్డర్, పైన వాళ్ల ఫోటో. గోడకు ఆనించకుండా, నేలకు నడుమెత్తున ఉన్న అరలో పెట్టండి. చెదలు గోడ పట్టుకునే వస్తాయి. నీటి సంగతికొస్తే 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు కింది అంతస్తుల్లో ఏం మిగిలిందో బెజవాడలో అందరికీ తెలుసు. కలరా ఉండలు వేయొద్దు, తెల్లగా బిళ్లల్లా ఉంటాయి, ఎవరో ఒకరు నోట్లో వేసుకుంటారు. ఎండు వేపాకు చాలు. వానాకాలంలో పూర్తిగా ఆరకుండా దొంతి పెడితే కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కార్న్‌ఫ్లోర్ రంగు మరీను. రెండు రోజులు తీగ మీద క్లిప్పులతో ఆరనివ్వండి.

పన్నెండో వారంతో మీరు ఆపేస్తున్నట్టయితే పదో వారం నుంచే క్యాలెండర్‌లో చూపించండి. చివరి రోజు కొత్తగా ఏమీ వేయించొద్దు. ఒక్కొక్కరి ఫోల్డర్ వాళ్ల ముందే తెరవండి. మూడు అట్టపెట్టెలు పెట్టండి: ఒకటి దాచుకునేవాటికి, ఒకటి ఇంటికో, ఇష్టమైనవాళ్లకో పంపేవాటికి, ఒకటి చింపేసేవాటికి. ఒక్కో కాగితం చేతికిచ్చి ఆగండి, పది లెక్కపెట్టండి. మీకు అన్నిటికన్నా నచ్చిన బొమ్మ మూడో పెట్టెలో పడితే పడనివ్వండి. చింపేది కూడా వాళ్లే.